తరగతి గదిలో నాటకం చదివించడం: కన్యాశుల్కంలో ఒక ఘట్టంతో

నాటక పఠనానికి తెరలు, వేషాలు, బట్టీ ఏమీ అక్కర్లేదు. కాగితం చేతిలో ఉంటుంది, పనంతా గొంతుదే. 9, 10 తరగతులకు గురజాడ 'కన్యాశుల్కం' (1909 ప్రతి) రెండో అంకం బాగా పనికొస్తుంది. గిరీశం, అతని శిష్యుడు వెంకటేశం అగ్రహారంలో వెంకటేశం ఇంటికి చేరాక కొడుకు ఇంగ్లీషు వినాలని తల్లి వెంకమ్మ ముచ్చటపడుతుంది. వాళ్లిద్దరూ నోటికొచ్చిన ఇంగ్లీషు ముక్కలు అప్పజెప్తారు. తల్లికి అర్థం కాదు, తరగతికి అవుతుంది. నవ్వంతా అక్కడే ఉంది.

అంకమంతా పెట్టుకోకండి. 45 నిమిషాల పీరియడ్‌కి 3 పేజీలు చాలు. జిరాక్సు ఒకవైపే తీయించండి. రెండువైపులా ఉంటే పేజీ తిప్పేచోట సంభాషణ తెగిపోతుంది. శుల్కమంటే పెళ్లికూతురి తండ్రి పుచ్చుకునే డబ్బని ముందే చెప్పాలి, లేకపోతే పిల్లలు కట్నం అనుకుంటారు.

పాత్రకి ఒకరు, బ్రాకెట్లలోని రంగసూచనలు చదవడానికి మరొకరు. ఈ చివరి మనిషిని వదిలేస్తే ఎవరు వచ్చారో, ఎవరు వెళ్లారో వినేవాళ్లకి తెలియదు. ఎవరి మాటల కింద వాళ్లు గీత గీసుకోవాలి, తమకు ముందొచ్చే మాట చివరి రెండు పదాల చుట్టూ సున్నా చుట్టాలి. నత్తనడక చదువుకి అసలు కారణం ఈ రెండో పని చేయకపోవడమే: పక్కవాడు ఆపాక గానీ తన వంతు వెతుక్కోరు.

మొదట 5 నిమిషాలు మనసులో చదువుకోనివ్వండి. తర్వాత గుసగుసగా ఒకసారి, ఆపైన గట్టిగా. ముందు చూసుకోనివ్వకుండా చదవమంటే పాఠం అప్పజెప్పే రాగమే వస్తుంది. అది పోవాలంటే "భావంతో చదువు" అని చెప్పి లాభం లేదు. "ఈ మాట ఎవరితో అంటున్నావు?" అని అడగండి, ఆ మనిషి వైపు తిరిగి చదివితే రాగం దానంతటదే విరుగుతుంది.

నాటకంలోని యాసని దిద్దకండి, వెక్కిరింపుగా అనుకరించనివ్వకండి. రాసినట్టు, కాస్త నిదానంగా చదివితే చాలు. గిరీశం పాత్ర ప్రతిసారీ బాగా చదివే పిల్లాడికే పోతుంది. పేజీకొకరి చొప్పున మార్చండి. తడబడే పిల్లలకి చిన్న మాటలివ్వండి, లేదా ఇద్దరికి కలిపి ఒక పాత్ర.

వినేవాళ్ల చేతిలో కాగితం ఉండకూడదు. ఉంటే తలలు వంచుకుని తప్పులు వెతుకుతారు. బదులుగా ఒక పని అప్పగించండి: వెంకమ్మకి తెలియనిది, మనకి తెలిసినది ఎక్కడెక్కడుందో రాసుకోవడం. ఒక జట్టు చదివాక రెండో జట్టు అదే ఘట్టాన్ని గిరీశం లోలోపల భయపడుతున్నట్టు చదవాలి. ఏ మాట దగ్గర తేడా తెలిసిందో తరగతి చెప్పాలి.

మార్కులు వేయాల్సివస్తే ఉచ్చారణకి తక్కువ, ఎదుటి మాట విని అందుకున్నందుకు ఎక్కువ వేయండి.