ఎకినేషియా పువ్వుని ప్రెస్‌లో (మొక్కల్ని కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టే పరికరం) పెట్టే ముందు

అమెరికాలోని మిస్సోరి, కాన్సాస్ ప్రెయిరీల్లో (గడ్డిమైదానాల్లో) పూసే ఎకినేషియాని హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల సేకరణ) కోసం ఆరబెట్టేటప్పుడు, మధ్యలో ఉండే గట్టి ముళ్ల గుండు ఎంత నొక్కినా అణగదు, దాంతో చుట్టూ ఉన్న రేకులకు ఒత్తిడి అందక ముడుచుకుపోతాయి. ఒక పువ్వుని బ్లేడుతో నిలువునా కోసి, ఒక సగం లోపలి భాగం కనిపించేలా పైకి, ఇంకో సగం బోర్లా పెట్టండి. ప్రెస్‌లో తడిసిన కాగితాలు మార్చడం మామూలే.

అసలు సంగతి పుప్పొడి రంగు, అది కోసిన చోటే నోట్‌బుక్‌లో రాసేయండి. ఎకినేషియా పల్లిడా అనే జాతికి తెల్లగా ఉంటుంది, అచ్చం దానిలాగే కనిపించే ఎకినేషియా సిమ్యులాటా అనే జాతికి పసుపు. ఎండిపోయిన పువ్వు అతికించిన షీట్ ముందు కూర్చుని ఇది ఏది అని తేల్చుకోవడం ఉత్త టెన్షన్. మొక్క ఎత్తు, నేల రకం, తేదీ కూడా రాయండి. రక్షిత ప్రెయిరీ అయితే పర్మిషన్ లేకుండా ఒక్క పువ్వు కూడా కొయ్యొద్దు.