పైథాన్ వెర్షన్ మార్చగానే పాత మాడ్యూల్ కనబడకపోతే

సమస్య: ఇన్నాళ్లూ చక్కగా నడిచిన ప్రోగ్రాం పైథాన్ 3.12కో 3.13కో మారగానే ఇంపోర్ట్ వరుసల దగ్గరే ఆగిపోతుంది. ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్’ అని చెప్పి డిస్ట్‌యుటిల్స్, ఇంప్, సీజీఐ, టెల్‌నెట్‌లిబ్ వంటి పేరేదో చూపిస్తుంది. ఇన్‌స్టలేషన్ పాడైందనుకుని పైథాన్‌ను తీసేసి మళ్లీ వేసుకోవద్దు. ఎన్నిసార్లు వేసినా ఆ మాడ్యూల్ రాదు.

కారణం: వాటిని ప్రామాణిక లైబ్రరీ (పైథాన్‌తో పాటే వచ్చే మాడ్యూళ్ల సముదాయం) నుంచి కావాలనే తీసేశారు. ఇంప్, డిస్ట్‌యుటిల్స్, ఎసింకోర్ 2023లో వచ్చిన 3.12తో పోయాయి. కాలం చెల్లిన మాడ్యూళ్లను వదిలించుకోవాలన్న పెప్ 594 (పైథాన్ మార్పుల ప్రతిపాదన పత్రాల్లో ఒకటి) ప్రకారం 2024లో 3.13 మరో 19 మాడ్యూళ్లను తొలగించింది. సీజీఐ, క్రిప్ట్, పైప్స్, ఇమ్‌జ్‌హెచ్‌డీఆర్, టెల్‌నెట్‌లిబ్ వాటిలోవే.

పరిష్కారం: ముందు ఆ మాడ్యూల్‌ను అడుగుతున్నది ఎవరో చూడండి. ఎర్రర్ సందేశంలో చివరగా కనిపించే ఫైలు దారిలో ‘సైట్-ప్యాకేజెస్’ (విడిగా వేసుకున్న ప్యాకేజీలుండే ఫోల్డర్) ఉంటే తప్పు మీ కోడ్‌లో లేదు, మీరు వాడుతున్న ప్యాకేజీలో ఉంది. దాని కొత్త వెర్షన్ వేసుకుంటే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. వెర్షన్లు రావడమే ఆగిపోయిన ప్యాకేజీ అయితే దాని బదులు వేరేదానికి మారే పని ఇప్పుడే మొదలుపెట్టడం మేలు.

మీ కోడే అడుగుతుంటే మాడ్యూల్‌ను బట్టి దారి మారుతుంది. డిస్ట్‌యుటిల్స్‌కు సెటప్‌టూల్స్ వేసుకుంటే తాత్కాలికంగా బండి నడుస్తుంది, ఎందుకంటే దాని లోపల ఒక ప్రతి ఉంది. 3.12 నుంచి కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లలో (ఒక్కో ప్రాజెక్టుకు విడిగా ఉంచుకునే పైథాన్ ఏర్పాట్లలో) సెటప్‌టూల్స్ తనంతట తాను రాదు, విడిగా వేసుకోవాలి. వెర్షన్లు పోల్చడానికే డిస్ట్‌యుటిల్స్ వాడుతుంటే ‘ప్యాకేజింగ్’ అనే ప్యాకేజీకి మారండి. ఇంప్‌లోని రీలోడ్ (మాడ్యూల్‌ను మళ్లీ లోడ్ చేసే ఫంక్షన్) ఇప్పుడు ఇంపోర్ట్‌లిబ్‌లో ఉంది. సీజీఐలో క్వెరీ స్ట్రింగ్ (వెబ్ చిరునామాలో ప్రశ్నార్థకం తర్వాతి భాగం) విడదీసే పనికి యూఆర్ఎల్‌లిబ్ చాలు. ఫైళ్ల అప్‌లోడ్ ఉన్న పాత కోడ్‌ను వెంటనే మార్చలేకపోతే ‘లెగసీ-సీజీఐ’ ప్యాకేజీ ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది. క్రిప్ట్ విషయంలో మాత్రం అలాంటి తాత్కాలిక మార్గం వెతకవద్దని నా గట్టి సలహా. పాస్‌వర్డ్‌ల పని కాబట్టి బీక్రిప్ట్, ఆర్గాన్2 అనే పాస్‌వర్డ్ హ్యాషింగ్ పద్ధతుల్లో ఒకదానికి మారడమే సరైన పని.

మరో సమస్య: ‘ఆట్రిబ్యూట్ ఎర్రర్’. మాడ్యూల్ ఉంది, అందులో మీరు పిలిచిన పేరు లేదు. ఇది ఎక్కువగా డాక్యుమెంటేషన్‌లో లేని భాగాలను వాడినప్పుడు ఎదురవుతుంది. ఆర్ఈ (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల) మాడ్యూల్ ద్వారా దాని లోపలి పార్సర్ ఎస్ఆర్ఈ_పార్స్‌ను అందుకున్న కోడ్ 3.11లో ఇలాగే ఆగిపోయింది. ఆ వెర్షన్‌లో ఆర్ఈ ఒక ప్యాకేజీగా మారి, పార్సర్ అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేరుతో లోపలికి వెళ్లింది. డాక్యుమెంటేషన్‌లో చెప్పని దానికి ఎవరూ హామీ ఇవ్వలేదు. సిస్ మాడ్యూల్‌లోని స్టడ్‌లిబ్_మాడ్యూల్_నేమ్స్ జాబితాలో పేరు కనిపించినా హామీ ఉన్నట్టు కాదు, అందులో అంతర్గత మాడ్యూళ్లూ ఉంటాయి. అదే పనికి బహిరంగ మార్గం ఉందేమో చూడండి. పైప్స్‌లోని కోట్‌ను (షెల్ కమాండ్‌కు ఇచ్చే పాఠాన్ని సురక్షితంగా కోట్ చేసే ఫంక్షన్‌ను) డాక్యుమెంటేషన్‌లో లేకపోయినా ఎంతోమంది వాడారు. 3.3 నుంచి అది ష్లెక్స్‌లో అధికారికంగా దొరుకుతోంది.

ఇంత జరుగుతున్నా ముందే ఎందుకు తెలియలేదు? హెచ్చరికలు వచ్చాయి, కానీ కనబడలేదు. ఇంప్‌ను 3.4 నుంచే వద్దంటున్నారు. డెప్రికేషన్ (ఇక వాడవద్దనే) హెచ్చరికను పైథాన్ మామూలుగా మీరు నేరుగా నడిపే ఫైల్లో పుట్టినప్పుడే చూపిస్తుంది, ఇంపోర్ట్ చేసుకున్న ఫైళ్లలో పుడితే దాచేస్తుంది. అందుకే పరీక్షలను పెద్దక్షరం డబ్ల్యూ ఆప్షన్‌కు ‘ఎర్రర్’ విలువ ఇచ్చి (-W error) నడపండి. హెచ్చరిక ప్రతిదీ అక్కడే ఎర్రర్‌గా ఆగుతుంది. వెర్షన్ మార్చాక కాదు, మార్చే ముందు పాత వెర్షన్ మీదే ఈ పరీక్ష చేయాలి. మాడ్యూల్‌ను తీసేశాక హెచ్చరించడానికి అక్కడ ఏమీ మిగలదు.