టంబ్లర్ తిప్పే ముందు: ముతక దశలో తొందరపడకండి

చెన్నైలో అక్టోబరు మూడో వారం దాటితే వానలు పట్టుకుంటాయి. రాళ్ళను డ్రమ్ములో దొర్లించి నునుపు చేసే టంబ్లర్ యంత్రాన్ని నేను అటక మీంచి దించేది అప్పుడే. ఈసారి మా అపార్ట్‌మెంట్‌లో ఇంకో ఇద్దరు తెలుగువాళ్ళు కూడా కొన్నారు. ఇద్దరూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "మెరుపు ఎన్నాళ్ళకు వస్తుందండీ?" మెరుపు సంగతి తర్వాత. ముందు ముతక దశ, అంటే ముతక పొడితో రాళ్ళను అరగదీసే మొదటి దశ, గడవాలి. రాళ్ళు పాడయ్యేదీ, మనం విసిగిపోయేదీ అక్కడే.

రాయికి ఆకారం వచ్చేది ఈ ఒక్క దశలోనే. 60/90 నంబరు (నంబరు తగ్గేకొద్దీ పొడి ముతక) సిలికాన్ కార్బైడ్ పొడి, నీళ్ళు, రాళ్ళు కలిసి రాత్రింబవళ్ళు దొర్లితే మూలలు అరిగి గుండ్రమవుతాయి. ఆ తర్వాత వేసే 120/220, 500 నంబరు పొడులు ముందు పొడి మిగిల్చిన గీతల్ని చెరుపుతాయి, అంతే. పగులు, గుంట, పదునైన అంచు ఏది మిగిలినా చివరిదాకా అలాగే ఉంటుంది. పైగా ఆ గుంటలో ముతక రవ్వలు దాక్కుంటాయి. పాలిష్ వేసేటప్పుడు అందులోంచి ఒక్క రవ్వ బయటపడితే చాలు, డ్రమ్ములో ఉన్న రాళ్ళన్నిటికీ గీతలు పెడుతుంది.

నా మొదటి బ్యాచ్ అలాగే పోయింది. కృష్ణ ఒడ్డున ఏరుకొచ్చిన ఎర్ర జాస్పర్ రాళ్ళు. ఏడో రోజు మూత తీసి కడిగితే తళతళలాడాయి. ఇంకేం, అయిపోయిందనుకుని రెండో దశకు పోయాను. మరో మూడు వారాలు తిప్పాక చేతికొచ్చినవి మబ్బు పట్టిన గాజుముక్కల్లాంటివి.

అందుకే తడి రాయిని చూసి మోసపోవద్దు. నీళ్ళు గుంటల్ని నింపేసి పాలిష్ పెట్టినట్టు చూపిస్తాయి. పాత టవల్‌తో తుడిచి, ఫ్యాన్ కింద పదినిమిషాలు ఆరనిచ్చి, కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూడండి. ఆరిన రాయి మీద బూడిదరంగు చుక్కో గీతో కనిపిస్తే అది గుంటే. గోరుతో గీకితే గోరు తట్టుకుంటుంది. ఆ రాయి మళ్ళీ ముతకలోకే. మచ్చలేనివి వేరే డబ్బాలో దాచుకుని, పది రాళ్ళో ఇరవయ్యో పోగయ్యాక రెండో దశ మొదలుపెట్టండి. అగేట్, జాస్పర్‌లాంటి గట్టి రాళ్ళకు నాలుగు వారాలు మామూలు. మొండి రాళ్ళు ఆరేడు వారాలు తీసుకున్నా ఆశ్చర్యం లేదు.

రోజూ మూత తీసి చూడాలనిపిస్తుంది, నిజమే. తీసినా ఒరిగేదేమీ లేదు. మూత అంచులో రవ్వ ఇరుక్కుంటే మాత్రం రాత్రికి కారుతుంది. మూత మీద టేపు అంటించి, పొడి వేసిన తేదీ రాసుకోండి. వారానికి ఒక్కసారి చాలు. అప్పుడు లోపలి బురదను రెండు వేళ్ళ మధ్య నలపండి, గ్రైండర్‌లో పప్పు మెదిగిందో లేదో చూసినట్టు. గరగరలాడితే పొడికి ఇంకా పనుంది. వెన్నలా జారితే అది చచ్చిపోయినట్టే, అలాగే తిప్పితే కరెంటు దండగ. కడిగి కొత్తది వేయాలి. కిలోన్నర పట్టే చిన్న డ్రమ్ముకు నాలుగు పెద్ద చెంచాలు. ఇంకో రెండు చెంచాలు ఎక్కువేస్తే త్వరగా అవుతుందనుకోవద్దు. రాళ్ళు అరిగేకొద్దీ మట్టం తగ్గుతుంది. డ్రమ్ములో మూడింట రెండొంతుల కంటే తగ్గితే రాళ్ళు దొర్లడం మానేసి ఎగిరిపడి పగులుతాయి. ఇదివరకే గుండ్రమైన రాళ్ళో, సిరామిక్ ముక్కలో వేసి నింపండి.

మూత తీసేటప్పుడు ముఖం దూరంగా పెట్టి మెల్లగా తీయండి. కొన్ని రాళ్ళతో లోపల గ్యాస్ చేరి మూత ఉబ్బుతుంది.

బురదను సింకులో మాత్రం పోయొద్దు. పైపు వంపులో చేరి సిమెంటులా గడ్డకడుతుంది. మా ఇంట్లో ప్లంబర్ పైపు విప్పి బూడిదరంగు ముద్ద బయటికి తీసినప్పుడు మా అమ్మ చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. పాత బకెట్లో పోసి మర్నాటిదాకా ఉంచండి. పైన తేరిన నీళ్ళను మట్టిలో పోసి, అడుగున మిగిలిన ముద్దను కవర్లో కట్టి చెత్తలో వేయండి. నేల మీద ఒలికితే తడిగా ఉన్నప్పుడే తుడవాలి. ఎండితే అది సిలికా దుమ్ము, ఊపిరితిత్తులకు ప్రమాదం. రాళ్ళను సుత్తితో పగలగొట్టేటప్పుడూ అంతే: గుడ్డలో చుట్టి, నీళ్ళు చల్లి, కళ్ళద్దాలు, ఎన్95 మాస్కు పెట్టుకోండి.

చప్పుడు గురించి పొరుగువాళ్ళు గొణుగుతారు. అలాగని మోటారు మీద దుప్పటి కప్పొద్దు. అది వారాల తరబడి ఆగకుండా తిరుగుతుంది, గాలి ఆడకపోతే కాలిపోతుంది. బాత్రూమ్ టైల్స్ మీద కింద రబ్బరు మ్యాట్ వేసి పెడితే చప్పుడు బాగా తగ్గుతుంది, కారినా ఇబ్బంది లేదు. ప్లగ్గు మాత్రం తడి తగలని చోట ఉండాలి. బాల్కనీలో వద్దు, వాన జల్లు కొడుతుంది. కరెంటు పోయి వచ్చాక ఒకసారి వెళ్ళి చూడండి: మోటారు గుర్రుమంటున్నా బెల్టు జారి డ్రమ్ము కదలకుండా ఉండొచ్చు.

రాళ్ళ ఎంపికలో ఒక్క మాట. ఒక డ్రమ్ములో ఒకే గట్టిదనం ఉన్నవే వేయండి. 1 నుంచి 10 దాకా ఉండే మోస్ కొలతలో అగేట్ కాఠిన్యం దాదాపు 7, పాలరాయిది 3. రెండూ కలిపితే అగేట్ మూలలు అరిగేలోపు పాలరాయి కరిగి బురదైపోతుంది. చెన్నైలో సెయింట్ థామస్ మౌంట్ కొండలో ఉండే చార్నొకైట్ మన ఊరి రాయి కదా అని నాకూ ఆశే, 1893లో దానికి ఆ పేరు పెట్టింది మాత్రం కోల్‌కతాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి రాయిని చూసి. కానీ రకరకాల ఖనిజాలు కలిసిన రాయి అది. ఒకటి ముందు, ఒకటి వెనక అరిగి పైభాగం ఎగుడుదిగుడు అవుతుంది. మొదటి బ్యాచ్‌కు వద్దు. సెయింట్ థామస్ మౌంట్ జాతీయ భూవైజ్ఞానిక స్మారకం, అక్కడి రాయి అసలే ముట్టుకోవద్దు.

దీపావళికి ఊరెళ్తుంటే టంబ్లర్‌ను తిరగనిచ్చి తాళం వేయొద్దు. ఆపేసి, బురదంతా కడిగేసి, రాళ్ళను మంచినీళ్ళ బకెట్లో వేసి వెళ్ళండి. బురదతోనే వదిలేస్తే వారానికి రాళ్ళతో సహా బిగుసుకుపోతుంది. తిరిగొచ్చాక టేపు మీద తేదీ మార్చి, కొత్త పొడి వేసి తిప్పండి.