గ్వాటెమాలాకు పచ్చళ్లు, పొడులు పంపాలంటే: ఫ్రీ సేల్ సర్టిఫికెట్ దగ్గర తడబడవద్దు

గుంటూరు దగ్గర పచ్చళ్లు తయారుచేసే భార్యాభర్తలు పోయిన ఏడాది ఒక ఫైలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. గ్వాటెమాలాలో కొనేవారు దొరికారు, నమూనాలు నచ్చాయి, ధర కూడా కుదిరింది. ‘అక్కడి లైసెన్సు పది రోజుల్లో తెప్పిస్తాను’ అన్న మధ్యవర్తికి 60 వేలు ఇచ్చారు. ఆ ఫైలులో ఉన్నవి ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకు ప్రభుత్వం ఇచ్చే కోడ్) ప్రింటు, నోటరీ ముద్ర వేసిన ఒక అఫిడవిట్, స్పానిష్ అనువాదం రెండు పేజీలు. గ్వాటెమాలా ఆరోగ్యశాఖ అడిగే అసలు పత్రం మాత్రం అందులో లేదు. ఇలాంటి ఫైళ్లు ఆ తర్వాత మరికొన్ని చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

మన వైపు పనులు కష్టమేమీ కాదు. ఐఈసీని డీజీఎఫ్‌టీ, అంటే కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ వెబ్‌సైటులో మీరే తీసుకోవచ్చు. రుసుము 500 రూపాయలు, నంబరు మీ పాన్ నంబరే. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు వివరాలు సరిచూసి నిర్ధారించాలి. వివరాలు మారకపోయినా ఇది చేయాల్సిందే, లేకపోతే ఐఈసీ పనిచేయకుండా పోతుంది. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సులో మీరు పంపే సరుకు రకం నమోదై ఉండాలి. కారం, పసుపు వంటి వాటికి స్పైసెస్ బోర్డులో ఎగుమతిదారుగా నమోదు తప్పనిసరి. పచ్చళ్లు, అప్పడాలు వ్యవసాయ, ఆహార ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా పరిధిలోకి వస్తాయి. బ్యాంకు ఏడీ కోడ్‌ను (విదేశీ చెల్లింపులు అందుకునే మీ బ్యాంకు శాఖ గుర్తింపు సంఖ్యను) కస్టమ్స్‌లో నమోదు చేయించుకోవాలి.

ఏది పంపాలో కూడా ముందే ఆలోచించుకోండి. యాలకుల మాట ఎత్తవద్దు. 1914లో ఒక జర్మన్ తోటల యజమాని మన దేశం నుంచి తీసుకెళ్లి నాటిన యాలకులతో గ్వాటెమాలా నేడు ప్రపంచంలోనే పెద్ద ఎగుమతిదారుల్లో ఒకటి. నువ్వులు కూడా వాళ్లే పండించి బయటికి పంపుతారు. ఎండుమిర్చి కాయ పంపాలంటే దారి వేరు: ఇక్కడి ప్లాంట్ క్వారంటైన్ కేంద్రం నుంచి ఫైటోసానిటరీ సర్టిఫికెట్ (సరుకులో చీడపీడలు లేవన్న ధ్రువపత్రం), అక్కడ వ్యవసాయ శాఖ అనుమతి కావాలి. పొడులు, పచ్చళ్లు, చిరుతిళ్లు వంటి ప్యాకెట్ సరుకు అయితే అక్కడి ఆరోగ్యశాఖలో ‘రెజిస్త్రో సానిటారియో’, అంటే ఆరోగ్య నమోదు జరగాలి. ఇది ఒక్కొక్క ఉత్పత్తికి విడివిడిగా చేయించాలి. మధ్య అమెరికా దేశాలకు దీనిపై ఉమ్మడి నిబంధనలు ఉన్నాయి, నమోదు చెల్లుబాటు ఐదేళ్లు. ఒక దేశం నమోదును ఇంకో దేశం గుర్తించే వెసులుబాటు ఆ ప్రాంతంలోనే తయారైన సరుకు కోసం పెట్టుకున్నది. ‘గ్వాటెమాలాలో చేయిస్తే హోండురాస్, ఎల్ సాల్వడార్‌లో కూడా చెల్లుతుంది’ అని ఎవరైనా చెబితే డబ్బు ఇవ్వకండి.

ఆ నమోదుకు మన దేశం నుంచి వెళ్లాల్సిన ముఖ్యమైన కాగితం ఫ్రీ సేల్ సర్టిఫికెట్. ఈ సరుకు భారతదేశంలో తయారై, ఇక్కడి మార్కెట్లో ఏ ఆంక్షా లేకుండా అమ్ముడవుతోందని ప్రభుత్వం ఇచ్చే హామీ ఇది. డీజీఎఫ్‌టీ పోర్టల్‌లోనే దరఖాస్తు చేయాలి. మనకు దగ్గరి ప్రాంతీయ కార్యాలయాలు హైదరాబాదు, విశాఖపట్నంలో ఉన్నాయి. ఫారం చిన్నదే. కానీ తడబడేది ఇక్కడే, అదీ పేరు దగ్గర.

ఆ దంపతుల సంగతే చూడండి. వారి సీసా మీద పెద్ద అక్షరాల్లో ‘ఆవకాయ’ అని ఉంది. లైసెన్సులో ‘మ్యాంగో పికిల్’ అని ఉంది. మధ్యవర్తి చేయించిన స్పానిష్ లేబుల్‌లో ‘ఎంకుర్తిదో దె మాంగో’ అని రాశారు. స్పానిష్‌లో ఎంకుర్తిదో అంటే సాధారణంగా వెనిగర్‌లోనో ఉప్పునీటిలోనో ఊరవేసినది. మన ఆవకాయ నూనెలో ఊరేది. ఒకే సీసాకు మూడు పేర్లు, అందులో ఒకటి సరుకునే తప్పుగా చెప్పే పేరు. ఫైలు చూసే అధికారికి ఇవి మూడు వేర్వేరు ఉత్పత్తుల్లా కనిపిస్తే ఆయన తప్పు కాదు.

కాబట్టి దరఖాస్తుకు కూర్చునే ముందే ఒక తెల్లకాగితం మీద ఉత్పత్తి పేరు, బ్రాండు, ప్యాకింగ్ పరిమాణం, తయారీదారు పేరు, చిరునామా రాసుకోండి. లైసెన్సు, ఐఈసీ, లేబుల్, ఇన్‌వాయిస్ అన్నిటిలోనూ అవే అక్షరాలు ఉన్నాయో లేదో వేలు పెట్టి సరిచూడండి. ఒకచోట ‘అండ్ సన్స్’, మరోచోట ‘& సన్స్’ ఉన్నా ముందు దాన్ని సరిచేయించుకోండి. వేరేవారి దగ్గర తయారు చేయించి మీ బ్రాండుతో పంపుతుంటే ఆ తయారీదారు పేరు కూడా సర్టిఫికెట్‌లో రావాలి. అది లేని సర్టిఫికెట్ చేతికొచ్చినా ఉపయోగం తక్కువ. ఈ సరిపోల్చడానికి ఒక మధ్యాహ్నం పడుతుంది. ఆ తర్వాత తప్పు బయటపడితే మళ్లీ మొదటి నుంచి నడవాలి.

సర్టిఫికెట్ వచ్చాక అపోస్టిల్, అంటే మన పత్రం అసలైనదేనని విదేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ చేయించాలి. గ్వాటెమాలాలో అపోస్టిల్ ఒప్పందం 2017 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది, మన దేశంలో 2005 నుంచే ఉంది. అందువల్ల ఢిల్లీలోని రాయబార కార్యాలయం ముద్ర అవసరం లేదు. పాత పద్ధతి చూపించి ‘ఎంబసీ ఖర్చు’ వసూలు చేసేవారు ఇప్పటికీ ఉన్నారు, వారిని నమ్మకండి. వాణిజ్య పత్రాలపై ముందు వాణిజ్య మండలి ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్. హైదరాబాదులోని విదేశాంగ శాఖ బ్రాంచ్ సెక్రటేరియట్‌లోనూ ఈ సేవ ఉంది. పత్రాలు ఆ శాఖ నియమించిన ఏజెన్సీ ద్వారానే ఇవ్వాలి. ప్రభుత్వ రుసుము పత్రానికి 50 రూపాయలు, దానిపై ఏజెన్సీ సేవా రుసుము కొద్దిగా ఉంటుంది. వేలల్లో అడిగితే రసీదు అడగండి.

అనువాదం చివరికి ఉంచండి. చాలామంది ముందే ఇక్కడ స్పానిష్‌లోకి మార్పించి, దానికి నోటరీ చేయించి పంపుతారు. గ్వాటెమాలా చట్టం ప్రకారం విదేశీ పత్రాన్ని ఆ దేశంలో గుర్తింపు ఉన్న ప్రమాణ అనువాదకుడు మార్చాలి. అపోస్టిల్ పత్రం కూడా అనువాదంలో భాగమే కనుక, అది పూర్తయ్యాకే ఈ పని మొదలవ్వాలి. మీ కొనుగోలుదారు అక్కడే చేయించగలరు.

ఇక ఆరోగ్యశాఖలో దరఖాస్తు. దాన్ని వేసేది మీరు కాదు, అక్కడి ప్రతినిధి. అతనికి మీరిచ్చే అధికార పత్రం కూడా అపోస్టిల్ అయి, అక్కడి నోటరీ ద్వారా నమోదు కావాలి. సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: నమోదు ఎవరి పేరున ఉంటుంది? ‘తిటులార్’ (నమోదు హక్కుదారు) అన్న చోట మీ కంపెనీ పేరు, దిగుమతిదారు అన్న చోట వారి పేరు ఉండేలా ఒప్పందంలోనే రాయించుకోండి. నమోదు పూర్తిగా కొనుగోలుదారు పేరుకు వెళ్లిపోతే, రేపు ధర దగ్గర తేడా వచ్చి ఇంకొకరికి అమ్మాలనుకున్నప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు. దీని గురించి నాకు చాలా ఆందోళన. కష్టపడి సంపాదించుకున్న మార్కెట్టును చిన్న తయారీదారులు పోగొట్టుకునేది ఇక్కడే.

సుంకం గురించి ఒక మాట. మనకు గ్వాటెమాలాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం లేదు. ‘సుంకం తగ్గించే ఆరిజిన్ సర్టిఫికెట్’ ఇప్పిస్తామంటే అది అబద్ధం. సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే సాధారణ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ చాలు.

లేబుళ్లు మాత్రం నమోదు సంఖ్య వచ్చేవరకు అచ్చు వేయించకండి, ఆ సంఖ్య లేబుల్ మీద ఉండాలి. పేరు, పదార్థాల జాబితా, నికర బరువు గ్రాముల్లో, లాట్ సంఖ్య, గడువు తేదీ, భారతదేశంలో తయారైనదన్న మాట, దిగుమతిదారు వివరాలు స్పానిష్‌లో ఉండాలి. వేరుశనగ నూనె వాడితే వేరుశనగ అని స్పష్టంగా చెప్పాలి, అది అలెర్జీ జాబితాలో ఉంది. ఇప్పటికే ముద్రించిన సీసాలుంటే స్పానిష్ అదనపు లేబుల్ అతికించవచ్చు. ఆ దంపతులు చివరికి అలాగే చేశారు. కొత్త లేబుల్‌పై ఎంకుర్తిదో తీసేసి, ‘నూనెలో మామిడి, మసాలాలతో’ అని అర్థం వచ్చేలా రాయించి, దాని పక్కనే ఆవకాయ అన్న పేరు ఉంచారు. ఫ్రీ సేల్ సర్టిఫికెట్ కూడా ఆ పేరుతోనే తీసుకున్నారు.