అమెరికాలో మొదటి చిన్న కారు: వరంగల్ నుంచి వెళ్ళే పిల్లల కోసం

మన దగ్గర కారు కొందామనుకోగానే ఇంట్లో అందరూ అడిగే మొదటి మాట "మైలేజ్ ఎంత ఇస్తది?" అని. అమెరికా వెళ్ళిన పిల్లలు కూడా సెకండ్ హ్యాండ్ కారు చూడగానే అదే లెక్క తీస్తారు. చిన్న కార్ల మధ్య ఆ తేడా నిజానికి చాలా తక్కువ. అక్కడి ప్రభుత్వ రేటింగ్ ప్రకారం ఆటోమేటిక్ మోడళ్ళలో మిత్సుబిషి మిరాజ్ హ్యాచ్‌బ్యాక్ గ్యాలన్‌కు 39 మైళ్ళు, 2020 నుంచి వచ్చిన నిస్సాన్ వర్సా 35 మైళ్ళు ఇస్తాయి. మన లెక్కలో లీటరుకు సుమారు 16.6, 14.9 కిలోమీటర్లు. ఏడాదికి 10,000 మైళ్ళు తిరిగినా రెండింటికీ మధ్య తేడా 30 గ్యాలన్లు దాటదు. గ్యాలన్ 3 డాలర్లు అనుకుంటే ఏడాదికి 90 డాలర్ల లోపు. అదే గేర్‌బాక్స్ దెబ్బతిన్నా, టైటిల్ (కారు ఎవరిదో చెప్పే యాజమాన్య పత్రం) సరిగా లేకపోయినా పోయేది వేల డాలర్లు. కాబట్టి పోల్చాల్సింది మైలేజ్ కాదు, ఆ కారు మీ దగ్గర ఉన్నన్నాళ్ళు మొత్తం ఎంత ఖర్చు పెట్టిస్తుందన్నది.

నేను టెక్సాస్‌లో చాలా ఏళ్ళు ఉండి వచ్చి ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నాను. ఆగస్టు సెమిస్టర్‌కు వెళ్ళే పిల్లలు కాజీపేట నుంచి, జనగామ నుంచి, హుజూరాబాద్ నుంచి అమ్మానాన్నలతో వచ్చి మాట్లాడుతుంటారు. "బిడ్డ ఎండల బస్సు కోసం నిలబడుడు ఎందుకు, పోంగనే ఒక కారు తీస్కోమను" అంటారు తల్లులు. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. అయినా దిగిన వారంలోనే కారు కొనొద్దనే చెబుతాను. యూనివర్సిటీ బస్సు ఎక్కడిదాకా వెళ్తుందో, గది ఎక్కడ కుదురుతుందో తెలిశాక, కనీసం ఒక నెల గడిచాక చూడండి. తొందరలో ఉన్నవాడికి ఎవరూ ధర తగ్గించరు. కింద రాసిన నిబంధనలు టెక్సాస్‌వి. మీరు వెళ్ళేది వేరే రాష్ట్రమైతే అక్కడి మోటారు వాహనాల శాఖ వెబ్‌సైట్ చూసుకోండి.

అక్కడి చిన్న కార్లలో కొన్ని మనకు వేరే పేర్లతో పరిచయమే. మన హోండా జాజ్ అక్కడ ఫిట్. మన నిస్సాన్ సన్నీ అక్కడ 2012 నుంచి 2019 దాకా అమ్మిన వర్సా సెడాన్. మన హ్యుందాయ్ వెర్నా అక్కడ యాక్సెంట్, షెవర్లే బీట్ అక్కడ స్పార్క్. మన దగ్గరలాగా 4 మీటర్ల లోపు ఉంటే పన్ను తగ్గే పద్ధతి అమెరికాలో లేదు కాబట్టి చిన్న కారు చేయడానికి కంపెనీలకు పెద్దగా ఆసక్తి ఉండదు. ఫిట్, టొయోటా యారిస్ 2020 మోడల్‌తో, యాక్సెంట్, స్పార్క్ 2022తో, కియా రియో 2023తో, మిరాజ్ 2024తో అక్కడ ఆగిపోయాయి. అంటే మీకు దొరికేవి దాదాపు అన్నీ వాడినవే.

నన్నడిగితే ముందు వెతకాల్సింది ఫిట్. పెట్రోలు ట్యాంకును ముందు సీట్ల కింద పెట్టడం వల్ల వెనక సీటు కూర్చునే భాగం పైకి మడిచేయవచ్చు. గది మారేటప్పుడు కుర్చీలు, పెద్ద పెద్ద సూట్‌కేసులు అన్నీ అందులోనే పోతాయి. ఒక్క జాగ్రత్త: 2007 నుంచి 2013 దాకా వచ్చిన ఫిట్‌లు టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్ రీకాల్‌లో (లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం) ఉన్నాయి. ఆ ఎయిర్‌బ్యాగ్ పేలినప్పుడు లోహపు ముక్కలు మనిషి మీదికి వస్తాయి, ప్రాణాలు పోయాయి కూడా. మార్చడం పూర్తిగా ఉచితం. కారుకుండే 17 అక్షరాల విన్ నంబర్‌ను రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో కొడితే, చేయించాల్సిన రీకాల్ ఇంకా మిగిలి ఉందో లేదో క్షణంలో తెలుస్తుంది. ఏ కారైనా సరే, చూడటానికి బయల్దేరే ముందే అమ్మేవాళ్ళను ఆ నంబర్ అడగండి. ఇవ్వనంటే ఆ కారును అక్కడే వదిలేయండి.

ఫిట్ తర్వాత నాకు నచ్చేది యారిస్ సెడాన్. 2017, 2018లో యారిస్ ఐఏ పేరుతో అమ్మారు, అంతకు ముందు ఏడాది సయాన్ ఐఏ. పైన టొయోటా గుర్తు ఉన్నా లోపల ఉన్నది మజ్దా కారు, అదేం లోపం కాదు. 6 గేర్ల మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉండటం దాని బలం.

ఎందుకంటే చిన్న కార్లలో ఎక్కువగా పాడయ్యేది సీవీటీ అనే బెల్టు రకం గేర్‌బాక్సే. వర్సా పాత మోడళ్ళ సీవీటీ మీద అక్కడ కోర్టు కేసులు నడిచాయి, కంపెనీ వారంటీ కూడా పొడిగించాల్సి వచ్చింది. 2020లో వచ్చిన కొత్త వర్సా దానికంటే చాలా మెరుగు. 2011 నుంచి 2016 దాకా వచ్చిన ఫోర్డ్ ఫియస్టాల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ కథ ఇంకా పెద్దది. ఎంత చవగ్గా వచ్చినా ఆ సంవత్సరాల ఆటోమేటిక్ ఫియస్టా వద్దు.

మిరాజ్ గురించి కాస్త మొహమాటం లేకుండా చెబుతాను. 3 సిలిండర్లు, 78 హార్స్‌పవర్. హన్మకొండ నుంచి కాజీపేట దాకా తిరగడానికి అది చాలు. డాలస్ హైవేలో 70 మైళ్ళ వేగంతో పోతున్న ట్రక్కుల మధ్యకు ర్యాంప్ ఎక్కి కలవాలంటే మాత్రం పెడల్ నేలకు తాకేలా తొక్కాల్సి వస్తుంది. చిన్న కార్లలో డ్రైవర్ల మరణాల రేటు ఎక్కువని అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీల డబ్బుతో నడిచే భద్రతా సంస్థ ఐఐహెచ్‌ఎస్ పదే పదే చూపించింది. ఊళ్ళోనే తిరిగేవాళ్ళకైతే సరే. రోజూ హైవే ఎక్కేవాళ్ళయితే ఇంకో వెయ్యి డాలర్లు కూడబెట్టుకుని పాత కొరోలా వైపు చూడమంటాను.

యాక్సెంట్, రియో కార్లు బాగా నడుస్తాయి, ధర కూడా తక్కువే. చిక్కు దొంగతనాల దగ్గర ఉంది. 2021 దాకా తాళంచెవి తిప్పి స్టార్ట్ చేసే కియా, హ్యుందాయ్ మోడళ్ళలో చాలావాటికి ఇమ్మొబిలైజర్ (అసలు తాళంచెవి లేకుండా ఇంజిన్ స్టార్ట్ కానివ్వని పరికరం) లేదు. ఆ కార్లను ఎలా దొంగిలించాలో చూపించే వీడియోలు 2022లో దేశమంతా తిరిగాయి. 2023 నుంచి కంపెనీలు ఉచితంగా సాఫ్ట్‌వేర్ మారుస్తున్నాయి. అయినా కొన్ని నగరాల్లో కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు ఆ మోడళ్ళకు బీమా ఇవ్వబోమన్నాయి. బటన్ నొక్కితే స్టార్టయ్యే మోడల్ దొరికితే ఈ టెన్షన్ ఉండదు. "10 ఏళ్ళ వారంటీ ఉంది తమ్ముడూ" అని అమ్మే అన్న చెబితే గుర్తుంచుకోండి: ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు ఆ 10 ఏళ్ళు, లక్ష మైళ్ళు మొదటి ఓనర్‌కే. అది రెండో ఓనర్ చేతికి వచ్చేసరికి 5 ఏళ్ళు, 60,000 మైళ్ళకు తగ్గుతుంది.

ఇన్సూరెన్స్ సంగతి మనవాళ్ళు కారు కొన్నాక ఆలోచిస్తారు. వరుస తిరగేయండి. నచ్చిన రెండు మూడు కార్ల విన్ నంబర్లతో ముందే కొటేషన్లు తీసుకోండి. అక్కడ డ్రైవింగ్ చరిత్ర లేని కుర్రాళ్ళకు ప్రీమియం ఎక్కువ పడుతుంది. 6,000 డాలర్ల కారుకు రెండు మూడేళ్ళలో కారు ధరంత ఇన్సూరెన్స్ కట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. టెక్సాస్‌లో చట్టం అడిగే కనీస బీమాను 30/60/25 అంటారు. మీ వల్ల గాయపడిన ఒక మనిషికి 30,000, ఒక ప్రమాదంలో మొత్తం 60,000, ఎదుటివాళ్ళ ఆస్తికి 25,000 డాలర్ల దాకా. ఇది మన థర్డ్ పార్టీ లాంటిదే, మీ కారు రిపేరుకు రూపాయి కూడా రాదు. పాత కారుకు ఇంతవరకే తీసుకోవచ్చు, కానీ బీమా లేనివాడు వచ్చి గుద్దితే ఆదుకునే అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవర్ మాత్రం చేర్చుకోండి.

నలుగురు రూమ్మేట్లు కలిసి ఒక కారు కొనడం మనవాళ్ళలో మామూలే. అలాగైతే నలుగురి పేర్లూ పాలసీలో ఉండాలి. ప్రీమియం పెరుగుతుందని ఒక్కరి పేరే రాయించి అందరూ నడిపితే, క్లెయిమ్ వచ్చిన రోజు కంపెనీ చేతులెత్తేసే ప్రమాదం ఉంది. టైటిల్ ఎవరి పేరున, అమ్మితే పంపకం ఎలా అన్నది కూడా ముందే ఒక కాగితం మీద రాసుకోండి, స్నేహాలు నిలుస్తాయి. ఫుడ్ డెలివరీ చేసి కారు డబ్బులు రాబట్టుకుందామని మాత్రం లెక్కలు వేయొద్దు. ఎఫ్-1 వీసా మీద అనుమతి లేకుండా బయట పని చేస్తే మీ చదువుకే ఎసరు వస్తుంది.

ఇక కారును దగ్గరగా చూడటం. నీళ్ళలో మునిగిన బండి ఎలా మోసం చేస్తుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2020 ఆగస్టులో, మళ్ళీ 2023 జూలైలో వరంగల్, హన్మకొండ కాలనీలు మునిగినప్పుడు చూశాం: కడిగి తుడిస్తే బయటికి కొత్తదిలా ఉంటుంది, కొన్ని నెలలకు ఒక్కొక్క వైరూ పోతుంది. హ్యూస్టన్‌లో 2017 హార్వీ తుపానుకు లక్షల కార్లు అలా మునిగాయి. అందుకని డ్రైవర్ సీటు బెల్టును చివరిదాకా, ఇక రాదన్నంతవరకూ బయటికి లాగండి. పైభాగం శుభ్రంగా ఉండి, ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు దగ్గర బురద మరక అడ్డంగా గీతలా కనిపిస్తే నీళ్ళు అక్కడిదాకా వచ్చాయన్నమాట. డిక్కీలో స్టెప్నీ ఎత్తి కింద గుంతలో ఒండ్రు, తుప్పు ఉన్నాయేమో వేలితో తడమండి. లోపల సెంటు వాసన గుప్పుమంటే ఎందుకు కొట్టారో ఆలోచించండి.

టైరు పక్కన డాట్ అనే అక్షరాల తర్వాత చివరి 4 అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనది. గాడులు బాగానే ఉన్నా అంత పాత టైర్లయితే నాలుగూ మార్చే ఖర్చును ధరలోంచి తగ్గించమనండి.

1996 నుంచి అక్కడి కార్లన్నిటికీ స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది. చవకైన స్కానర్ ఒకటి తగిలిస్తే ఫోన్‌లోనే కారులోని లోపాల కోడ్‌లు కనిపిస్తాయి. కోడ్ ఏమీ లేదని వెంటనే సంతోషపడొద్దు. అదే యాప్‌లో రెడీనెస్ (కారు సొంత పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపేది) అనే పేజీ తెరవండి. అందులో చాలావరకు 'నాట్ రెడీ' అని వస్తే, బ్యాటరీ అయినా ఈ మధ్యే తీసి ఉండాలి, లేదా మీరు వచ్చే ముందు ఎవరో కోడ్‌లు చెరిపేసి ఉండాలి. ఓ వారం నడిపాక మళ్ళీ చూపించమనండి. సీవీటీ ఉన్న కారైతే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి, 15, 25 మైళ్ళ మధ్య నెమ్మదిగా వేగం పెంచుతూ వణుకు వస్తుందేమో గమనించండి. ఇవన్నీ చూశాక కూడా అమ్మేవాళ్ళకు సంబంధం లేని మెకానిక్‌తో ఒకసారి తనిఖీ చేయించండి. ఆ 100, 200 డాలర్ల దగ్గర పిసినారితనం వద్దు.

వాట్సాప్ గ్రూపుల్లో మన తెలుగువాళ్ళ కార్లే ఎక్కువ వస్తాయి. ఉద్యోగం వచ్చి వేరే రాష్ట్రం వెళ్ళేవాళ్ళు, ఇండియా తిరిగొచ్చేవాళ్ళు అమ్ముతుంటారు. వాటిలో మంచివి ఉంటాయి. "మనోడే, మన హన్మకొండ పిలగాడే" అని టైటిల్ చూడకుండా డబ్బు పంపడం మాత్రం ఎవరికీ మంచిది కాదు. టైటిల్ మీద శాల్వేజ్ అనో రీబిల్ట్ అనో ఉంటే ఒకప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ పనికిరాదని తేల్చిన కారు అది. లీన్ ఉంటే బ్యాంకు అప్పు తీరలేదు. డీలర్ దగ్గరైతే అద్దానికి అంటించిన బయ్యర్స్ గైడ్ కాగితం చదవండి. 'యాజ్ ఈజ్' దగ్గర టిక్ ఉంటే కొన్న మర్నాడు ఏం జరిగినా ఖర్చు మీదే.

బయల్దేరే ముందు ఇక్కడ చేయాల్సింది ఒకటుంది. మన ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. ఒరిజినల్ లైసెన్స్ కూడా వెంట తీసుకెళ్ళండి. అక్కడికి వెళ్ళాక వీలైనంత త్వరగా ఆ రాష్ట్రం లైసెన్స్ తీసుకోండి, ఇన్సూరెన్స్ కొటేషన్‌లో తేడా కనిపిస్తుంది.

ధర కుదిరాక డబ్బు ఇంటి దగ్గర చేతిలో పెట్టొద్దు. అమ్మేవాళ్ళను తీసుకుని కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్ళండి. టైటిల్ మీ పేరుకు మార్చే 130-యూ ఫారం మీద ఇద్దరి సంతకాలూ కావాలి. సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం, అంటే 6,000 డాలర్ల కారుకు 375. స్నేహం కొద్దీ కాగితం మీద ధర తగ్గించి రాసినా లాభం లేదు, ప్రభుత్వం కట్టిన విలువలో 80 శాతం అంతకంటే ఎక్కువైతే పన్ను దాని మీదే పడుతుంది. ఈ పని కొన్న 30 రోజుల్లోపు పూర్తి కావాలి, ఆలస్యమైతే జరిమానా. పాత ఓనర్ నంబర్ ప్లేట్లు విప్పి తీసుకెళ్తే కంగారుపడకండి, మీకు కొత్తవి ఇస్తారు.