రెజిన్ పూసల తయారీలో లోపాలు: సమస్య - పరిష్కారం

చౌటుప్పల్, జడ్చర్ల వైపు రసాయన యూనిట్లలో కొత్తగా షిఫ్ట్ బాధ్యత తీసుకున్నవారికి ఈ వివరణ ఉద్దేశించబడింది. స్టైరీన్, డైవినైల్ బెంజీన్‌లతో పూసలు చేసి, వాటిని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో సల్ఫోనేషన్ చేసే (సల్ఫోనిక్ సమూహాలు చేర్చే) కేటయాన్ రెజిన్‌కే, అంటే నీటిలోని కాల్షియం వంటి ధన అయాన్లను పట్టుకునే రెజిన్‌కే, ఇది పరిమితం. లోపం చివరి ట్యాంకులో బయటపడినా, దాని మూలం తరచుగా అంతకు ముందరి దశలో ఉంటుంది.

సమస్య: కడిగిన తర్వాత పూసలు చిట్లిపోతున్నాయి.

మొదటి కారణం తొందరపాటు. సల్ఫోనేషన్ ముగిసేసరికి పూస లోపల గాఢ ఆమ్లం నిండి ఉంటుంది. దానిపై ఒక్కసారిగా నీళ్లు వదిలితే వేడి పుట్టడమే కాక, పూస హఠాత్తుగా ఉబ్బి పగులుతుంది. ఆమ్లాన్ని 70, 50, 30, 10 శాతాలుగా మెట్టుమెట్టుగా తగ్గిస్తూ, పాత్ర చుట్టూ ఉండే జాకెట్‌ను చల్లగా ఉంచి, ఆ తర్వాతే నీళ్లకు రావాలి. ఒక బ్యాచ్ నుంచి వచ్చిన పలుచని ఆమ్లం తర్వాతి బ్యాచ్ మెట్లకు పనికొస్తుంది.

అలా చేసినా పగుళ్లు ఆగకపోతే, పూసను బ్లేడుతో కోసి భూతద్దం కింద చూడాలి. మధ్యలో రంగు వేరుగా కనిపిస్తే ఆమ్లం లోపలికి చేరలేదని అర్థం. సల్ఫోనేషన్‌కు ముందు పూసను ఉబ్బించే ద్రావకమైన ఎథిలీన్ డైక్లోరైడ్‌లో పూసలు నానే సమయాన్ని పెంచాలి. అది విషపూరితం కనుక మూసిన కండెన్సర్ ద్వారానే తిరిగి పట్టాలి.

సమస్య: రెజిన్‌లో తేమ శాతం ఎక్కువగా వస్తోంది, పూస మెత్తగా ఉంది.

ఇది తరచుగా లెక్క తప్పే: పాలిమర్ గొలుసులను ముడివేసే (క్రాస్‌లింక్ చేసే) డైవినైల్ బెంజీన్ తక్కువ పడి ఉంటుంది. బజారులో దొరికే డైవినైల్ బెంజీన్ శుద్ధమైనది కాదు, అందులో ఎథిల్ వినైల్ బెంజీన్ కలిసి ఉంటుంది. డ్రమ్ము మీద 55 శాతం అని ఉంటే, 100 కిలోల మోనోమర్ మిశ్రమంలో 8 శాతం క్రాస్‌లింక్ కోసం 8 కిలోలు కాదు, సుమారు 14.5 కిలోలు తూయాలి.

సమస్య: పూసలు ముద్దకట్టాయి.

పాలిమర్ జిగటగా ఉన్న దశలో కలియబెట్టడం ఆగిపోయింది. కరెంటు పోయిన వెంటనే జనరేటర్ మీదికి మారే ఏర్పాటు స్టిర్రర్‌కు తప్పనిసరి.

సమస్య: సల్ఫోనేషన్ బాగానే జరిగింది, కానీ సామర్థ్యం (రెజిన్ పట్టుకోగల అయాన్ల మొత్తం) లీటరుకు సుమారు 2 ఈక్వివలెంట్లు రావలసి ఉండగా తక్కువ చూపిస్తోంది.

మన ప్రాంతంలో ముందుగా అనుమానించవలసింది బోరు నీటినే. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, అది ఆనయాన్ (రుణ అయాన్) కనుక ఈ రెజిన్ జోలికి రాదు. ఇక్కడ చిక్కు తెచ్చేది కాల్షియం, మెగ్నీషియంల కఠినత్వం. సిద్ధమైన రెజిన్‌ను కఠిన జలంతో కడిగితే, అది తన పని తాను చేసి ఆ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, అంటే గేటు దాటకముందే కొంత వాడుకైపోతుంది. నిర్ధారణకు కొంత నమూనాను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో శుభ్రపరచి, డీఎం నీళ్లతో (లవణాలు తీసేసిన నీళ్లతో) కడిగి మళ్లీ పరీక్షించాలి. సామర్థ్యం తిరిగి వస్తే తప్పు కడుగు నీటిదే. సోడియం రూపంలో అమ్మే బ్యాచ్‌ను 10 శాతం ఉప్పు నీటితో పునరుద్ధరించి, చివరి కడుగును మెత్తబరచిన నీటితో చేయాలి. ఉప్పు కరిగించే నీళ్లు కూడా అవే కావాలి. ఆ నీటిని మెత్తబరచే కాలమ్‌లో సొంత రెజిన్‌నే నింపుకోవచ్చు.