చిత్రం పక్కన పుస్తకం – మూడో పాఠం: దెలాక్రువా, డాంటే, షోపాన్

మొదటి రెండు పాఠాల్లో చిత్రంలో వెలుగు ఎటునుంచి పడుతోందో, గీతలు మన చూపును ఎటు నడుపుతాయో పట్టుకోవడం సాధన చేశాం. ఈసారి చిత్రం పక్కన పుస్తకం తెరుద్దాం. రొమాంటిక్ చిత్రకారుల (19వ శతాబ్దం తొలినాళ్లలో భావావేశానికి పెద్దపీట వేసినవాళ్లు) గురించి చెప్పేటప్పుడు "ఇది ఫలానా కావ్యంలోని ఘట్టం" అని ఒక వాక్యం చెప్పి ఊరుకోవడం మామూలు. దాంతో ఏమీ తెలియదు. కవి చెప్పినదాన్ని చిత్రకారుడు ఎక్కడ మార్చాడో, ఎక్కడ వదిలేశాడో, ఎక్కడ కలిపాడో చూస్తేనే అతను ఆ కావ్యాన్ని ఎలా చదివాడో అర్థమవుతుంది. కాబట్టి ఈ పాఠంలో పోలికల జోలికి పెద్దగా పోం. తేడాలు వెతుకుదాం.

మన చిత్రం ఫ్రెంచి చిత్రకారుడు యూజీన్ దెలాక్రువా వేసిన "డాంటే పడవ". 1822లో పారిస్ సలోన్‌లో, అంటే అక్కడి అధికారిక చిత్రకళా ప్రదర్శనలో, పెట్టాడు. సలోన్‌లో అతని తొలి చిత్రం ఇదే. ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దాదాపు 1.9 మీటర్ల ఎత్తు, 2.4 మీటర్ల వెడల్పు. మ్యూజియం వెబ్‌సైట్‌లోని ఫొటోనే తీసుకుని ఏ4 కాగితం మీద రంగుల్లో ప్రింటు తీయించండి. ఈ చిత్రంలో సగం చీకటి కాబట్టి మామూలు ప్రింటరులో వెనక భాగమంతా నల్లముద్దవుతుంది. ప్రింటుకు ముందే వెలుతురు కాస్త పెంచండి. ఒక ట్రేసింగ్ పేపరు, 2బి పెన్సిలు, నాలుగైదు రంగు పెన్సిళ్లు కావాలి. పుస్తకం ఇటలీ కవి డాంటే "ఇన్‌ఫెర్నో" ఎనిమిదో సర్గ. నరకంలో తాను చేసిన యాత్రగా డాంటే చెప్పిన కావ్యం ఇది, కాబట్టి కవే ఇందులో పాత్ర కూడా. మొత్తం 130 పంక్తులు. మనకు మొదటి 81 చాలు. వచన అనువాదమే తీసుకోండి, పంక్తుల సంఖ్యలు వేసినదైతే మరీ మంచిది. ప్రాస కోసం అనువాదకుడు చేర్చిన మాటల్ని చాలామంది డాంటే మాటలుగా పొరబడతారు, ఆ తర్వాత లెక్కంతా తప్పుతుంది.

ముందు పుస్తకం, తర్వాతే బొమ్మ. ఈ వరస తిరగబడితే చదివే ప్రతి పంక్తిలోనూ దెలాక్రువా బొమ్మే కనిపిస్తుంది, తేడా తెలియదు. బొమ్మను బోర్లించి పెట్టి 81 పంక్తులూ రెండుసార్లు చదవండి. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసి రాసుకోండి: ఎవరు, ఏం చేస్తున్నారు, ఎక్కడ, ఏ పంక్తిలో. "భయానకంగా ఉంది" వంటి అభిప్రాయాలు ఇక్కడ రాయొద్దు. చెయ్యి, నీరు, మంట, చూపు – కంటికి కనిపించేవే రాయాలి.

ఇప్పుడు బొమ్మ తిప్పి, పైన ట్రేసింగ్ పేపరు పెట్టి, ఒక్కొక్క మనిషి చుట్టూ గీత గీయండి. ఎర్రని తలపాగాతో, చెయ్యెత్తి తూలుతున్నవాడు డాంటే. ఆకుల కిరీటంతో నిలకడగా నిలబడి అతని చెయ్యి పట్టుకున్నవాడు రోమన్ కవి వర్జిల్. మనకు వీపు చూపిస్తూ, నీలిగుడ్డ గాలికి ఎగురుతుండగా పడవ నడిపేవాడు ఫ్లెజియాస్. చుట్టూ నీళ్లలో పాపులు. గడులు నింపిన కాగితం పక్కన పెట్టుకుని సరిపోల్చండి.

మొదట నీళ్లు చూడండి. డాంటే రాసింది బురద మడుగు. 31వ పంక్తిలో దాన్ని చచ్చిన నీరు అంటాడు. బొమ్మలో నీరు పొంగుతోంది, గాలి వీస్తోంది. ఈ అలలు డాంటేవి కావు. మూడేళ్ల ముందు, 1819 సలోన్‌లో, చిత్రకారుడు జెరికో, ఓడ మునిగాక తెప్ప మీద మిగిలినవాళ్లను చూపే "మెడూసా తెప్ప" ప్రదర్శించాడు. అందులో ఒక మనిషికి దెలాక్రువాయే నమూనాగా కూర్చున్నాడు. సముద్రం మీద తెప్ప, దానికి వేలాడే దేహాలు అతని కళ్లలో అప్పటికే ఉన్నాయి. పుస్తకం ఒక్కటే మూలమని ఎప్పుడూ అనుకోవద్దని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

తర్వాత పడవకు వేలాడేవాళ్లు. కావ్యంలో పడవ మీద చేతులు వేసేవాడు ఒక్కడే, ఫ్లోరెన్సువాడు ఫిలిప్పో అర్జెంతి, 40వ పంక్తిలో. ఆ వెంటనే వర్జిల్ అతన్ని తోసేస్తాడు. బొమ్మలో పట్టుకుని వేలాడేవాళ్లు, కొరికేవాళ్లు చాలామంది.

మూడోది కాలం. వెనక చీకట్లో మండుతున్న డిస్ నగరం (నరకంలోని కోటనగరం) ఉంది కదా, కావ్యంలో దాని ఎర్రని కట్టడాలు 70వ పంక్తి దగ్గర గానీ కనిపించవు. అప్పటికి అర్జెంతి వెనకబడిపోయాడు. ముప్పై పంక్తుల దూరంలో ఉన్న రెండు సంగతుల్ని దెలాక్రువా ఒకే క్షణంలో పెట్టాడు. కవికి వరస ఉంది, చిత్రకారుడికి ఒక్క క్షణమే ఉంది. ఏ రెండు క్షణాల్ని కలిపాడో పంక్తుల సంఖ్యలతో రాసుకోండి. మిగతా చిత్రాలకు ఇదే మీకు ఎక్కువగా పనికొస్తుంది.

అన్నిటికంటే పెద్ద తేడా డాంటే మొహంలో ఉంది, చాలామందికి అది కనబడదు. కావ్యంలో ఈ చోట డాంటేకి వచ్చేది కోపం. అర్జెంతిని శపిస్తాడు, వాణ్ని బురదలో ముంచితే చూడాలని ఉందంటాడు. ఆ కోపానికి మెచ్చి వర్జిల్ అతని మెడ చుట్టూ చేతులు వేసి ముద్దు పెడతాడు. బొమ్మలో ఆ కోపమూ లేదు, కౌగిలీ లేదు. ఉన్నది భయం. నరకానికి తీర్పు చెప్పే కవిని తీసేసి, నరకాన్ని చూసి అదిరిపోయే మనిషిని పెట్టాడు దెలాక్రువా. రొమాంటిక్ చిత్రకళ అంటే ఏమిటని అడిగితే నిర్వచనాలకు బదులు ఈ ఒక్క మార్పు చూపించవచ్చు.

ఇక చేతిపని. ఈ చిత్రం వేస్తుండగా ఒక స్నేహితుడు డాంటే సర్గ ఒకటి పైకి చదివి వినిపించాడనీ, పడవ ఎక్కాలని చూస్తున్న ఒక పాపి తలను ఆ ఊపులో చాలా వేగంగా వేశాననీ, చిత్రంలో అన్నిటికన్నా బాగా వచ్చిన తల అదేననీ దెలాక్రువా చాలా ఏళ్ల తర్వాత తన దినచర్య పుస్తకంలో రాసుకున్నాడు. మీరూ చేయండి. ఇంట్లో ఎవరిచేతనైనా 31 నుంచి 42 వరకు పన్నెండు పంక్తులు నెమ్మదిగా రెండుసార్లు పైకి చదివించండి. వాళ్లు చదువుతున్నంతసేపే గీయాలి, ఆపగానే పెన్సిలు ఎత్తేయాలి. రబ్బరు వాడొద్దు. ఒక తల, ఒక చెయ్యి చాలు. ఒళ్లంతా గీయబోతే కొలతల మీదికి ధ్యాస పోయి, చెవి మూసుకుపోతుంది.

సాహిత్యం సంగతి ఇంతవరకు. సంగీతం దగ్గర చాలామంది తప్పుదారి పడతారు. బొమ్మ ముందు కూర్చుని, దెలాక్రువా స్నేహితుడైన పియానో స్వరకర్త షోపాన్ రికార్డు పెట్టుకుని "ఎంత బాగా కుదిరిందో" అనుకుంటారు. ఏ సంగీతం పెట్టినా ఏ బొమ్మకైనా కుదిరినట్టే ఉంటుంది, అది రుజువు కాదు. దెలాక్రువా సంగీతం నుంచి తీసుకున్నది కూర్పు పద్ధతి. 1849 ఏప్రిల్ 7న షోపాన్‌తో జరిగిన మాటల్ని అతను రాసిపెట్టాడు. సంగీతంలో తర్కాన్ని నిలబెట్టేది ఏమిటని అడిగితే షోపాన్ కౌంటర్‌పాయింట్ (రెండు మూడు స్వరధారల్ని ఒకేసారి నడపడం) గురించి, ఫ్యూగ్ (ఒకే స్వరపంక్తిని ఆ ధారలు ఒకదాని తర్వాత ఒకటి అందుకునే రచన) గురించి వివరించాడు: స్వరాలు ఒక్కొక్కటి తమ దారిన నడిచి కలిసే చోట హార్మనీ (కలిసి మోగే స్వరాల పొందిక) పుట్టాలి, ముందే హార్మనీలు పేర్చి మధ్య ఖాళీలు పూరించడం సరికాదని అతని అభిప్రాయం. రంగులకు ఇది అక్షరాలా వర్తిస్తుంది.

దీనికి దెలాక్రువాదే "సార్డనపాలస్ మరణం" చిత్రం తీసుకోండి. ఓడిపోయిన అసిరియా రాజు మంచం మీద ఉండి చూస్తుండగా అతని దాసీలను, గుర్రాలను చంపుతున్న దృశ్యం ఇది. 1827 నాటిది, దాదాపు 3.9 మీటర్ల ఎత్తు, 5 మీటర్ల వెడల్పు. 2023కు ముందు తీసిన ఫొటోలు వాడొద్దు. పాత వార్నిష్ వల్ల అంతా పసుపుగా కనిపిస్తుంది, శుభ్రం చేశాక రంగులు బయటపడ్డాయి. ఫోనులో బొమ్మను బొటనవేలి గోరంత చేసి, తలకిందులుగా తిప్పండి. విషయమూ గీతలూ తెలియనంత దూరం నుంచి చూస్తేనే చిత్రంలో రాగం ఉందో లేదో తెలుస్తుందని 1846లో కవి బోదలేర్ రాశాడు. ఇదే ఆ పరీక్ష. కనిపించిన రంగుల్ని 8×10 సెంటీమీటర్ల అట్టముక్క మీద మచ్చలుగా వేయండి. ఐదు రంగులు దాటొద్దు: ఎరుపు, తెలుపు, ఒంటిరంగు, బంగారు పసుపు, గోధుమ నలుపు. తర్వాత బొమ్మ పెద్దది చేసి ఎరుపును మాత్రమే వెంబడించండి. మంచం మీది పెద్ద ఎరుపు నుంచి మొదలై ఎక్కడెక్కడ మళ్లీ తగులుతుందో చుక్కలు పెట్టి కలపండి. బంగారు రంగుకు ఇంకో గీత. రెండు గీతలూ దాటుకునే చోట్లే చూపు ఆగుతుంది. గీతలు కలవకుండా విడివిడిగా పోతే చిన్న మచ్చలు కొన్ని మీరు వదిలేశారన్నమాట.

ఈ చిత్రానికి మూలం అని చెప్పే ఇంగ్లిషు కవి బైరన్ నాటకం "సార్డనపాలస్"లో (1821) ఈ ఊచకోత లేదు. రాజు తనవాళ్లకు ధనమిచ్చి పంపేస్తాడు. చివరికి మిగిలేది అతని ప్రియురాలైన దాసి మిర్రా ఒక్కతే, చితికి నిప్పు పెట్టేదీ ఆమే. దాసీలు, నపుంసకులు, సంపద అంతా రాజుతో కాలిపోయినట్టు చెప్పింది ప్రాచీన చరిత్రకారుడు డయడోరస్. తేడా ఇంత పెద్దగా ఉన్నప్పుడు రెండో పుస్తకం వెతకాలి. 1830లో ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్ కూడా ఈ కథ మీదే కాంటాటా (గాత్రానికీ వాద్యాలకూ రాసే సంగీత రచన) రాసి, యువ కళాకారులకిచ్చే రోమ్ బహుమతి గెలిచాడు. అందులో ఇప్పుడు మిగిలింది కొద్ది భాగమే.

వచ్చే పాఠంలోపు ఒక పని. లూవ్ర్‌లోనే ఉన్న 1839 నాటి "శ్మశానంలో హామ్లెట్, హొరేషియో" ముందు "హామ్లెట్" ఐదో అంకం మొదటి రంగం పెట్టుకోండి. గోతులు తవ్వేవాళ్లు బొమ్మలో ఎంతమందో లెక్కపెట్టండి. హామ్లెట్ రంగం మీదికి వచ్చేసరికి నాటకంలో ఎంతమంది మిగిలారో చూడండి. పుర్రె ఎవరి చేతిలో ఉందో రెండు చోట్లా రాసుకోండి. నాలుగో పాఠం అక్కడ మొదలుపెట్టి, జర్మన్ చిత్రకారుడు రుంగె వేసిన "దినంలోని వేళలు" దగ్గరికి వెళ్దాం.